పెనం దగ్గర నిలబడేదెవరు?

బియ్యం, కొబ్బరి కలిపి రుబ్బి, పులియబెట్టి పోసుకునే అప్పం రాయలసీమ వంట కాదు. కర్నూలు, కడప ఇళ్లలో అప్పాలంటే పండక్కి నూనెలో వేసే బెల్లప్పాలే. కొబ్బరికాయ మాకు దేవుడికి కొట్టేది, లారీలో ఎక్కడినుంచో రావలసింది. దోసెలోకి కూడా చెనిక్కాయల ఊరిబిండి, లేకుంటే ఎర్రకారం, పప్పుల పొడి. అయినా కొన్నేళ్లుగా ఈ కేరళ అప్పం కర్నూలులో మా ఇంటి ఆదివారపు వంట అయింది. కాలేజీలో నాతో పనిచేసిన ఒక మలయాళీ అధ్యాపకురాలు నేర్పింది. అది పోస్తూ నిలబడ్డప్పుడు పుట్టిన ప్రశ్న ఇది: ఒక వంట స్వభావమే ఒక మనిషిని పొయ్యి దగ్గర నిలబెడుతుంటే, ఆ మనిషి ఎవరో ఎవరు నిర్ణయించారు?

చేయడం కష్టమేమీ కాదు. పచ్చిబియ్యం నాలుగైదు గంటలు నానబెట్టి, కొబ్బరి తురుము, గుప్పెడు అన్నం వేసి మెత్తగా రుబ్బాలి. దోసెపిండిలో మినప్పప్పు ఉంటుంది, దానంతటదే పులుస్తుంది, పొంగుతుంది. ఇందులో మినుములు లేవు కాబట్టి పొంగడానికి వేరే సాయం కావాలి. కేరళలో ఒకప్పుడు కల్లు పోసేవాళ్లు, ఇప్పుడు చిటికెడు ఈస్ట్, చెంచా చక్కెర. కర్నూలు ఏప్రిల్ ఎండలకు రాత్రంతా అక్కర్లేదు. సాయంత్రం రుబ్బి పెడితే తెల్లారేసరికి గిన్నె దాటి గట్టు మీద ఉంటుంది. అందుకని ఎండాకాలంలో పడుకోబోయే ముందు రుబ్బుతాను. పొద్దున గుంట పెనంలో గరిటెడు పిండి పోసి, పెనాన్ని చుట్టూ తిప్పి మూత పెడితే అంచు జాలీలా కరకరలాడుతుంది, నడుమ మెత్తగా ఉబ్బుతుంది. తిరగేయనక్కర్లేదు. ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు. నలుగురికి మూడేసి చొప్పున పన్నెండు పోసేసరికి అరగంట. చల్లారితే ఆ అంచు మెత్తబడిపోతుంది. కాబట్టి ముగ్గురు తింటుంటే ఒకరు నిలబడాలి.

సంగటి అలా కాదు. నూకలు ఉడికాక పిండి వేసి, కట్టెతో కెలికి, ముద్దలు చేసి పెడితే అందరి ముద్దా ఒకేసారి తయారు. వండినామె కూడా కూర్చోవచ్చు. కూర్చుందా? చాలా ఇళ్లలో లేదు. మగవాళ్లు తిన్నాకే తినేది. పైగా కోడి కూయకముందే లేచి విసుర్రాయి తిప్పిన చేతులవి. సంగటిని చూసి మురిసిపోయేంత అమాయకత్వం మనకు వద్దు. కానీ ఒక తేడా ఉంది. సంగటి ఉన్నచోట ఆడది చివర తినడానికి ఆచారం తప్ప వేరే కారణం చూపలేరు. దోసె, అప్పం దగ్గర ఆచారానికి ఒక మంచి సాకు దొరికింది: "వేడివేడిగా ఉంటేనే రుచి." పితృస్వామ్యం నోరు తెరిచి ఏమీ అడగక్కర్లేదు. కరకరలాడే అంచే దాని తరఫున అడుగుతుంది.

కె.సి. కాలువ కింది ఊళ్ల సంగతి వేరుగానీ, మెట్ట ఊళ్లలో వరన్నం, దోసె పండగ తిండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక, తర్వాత మిక్సీలు, గ్రైండర్లు వచ్చాక, దోసె రోజువారీ అయింది. తెల్లన్నం గౌరవం మొదటిసారి ఎరిగిన పేద స్త్రీలను మళ్లీ కొర్రలకు పొమ్మనే హక్కు ఎవరికీ లేదు. (ఇప్పుడా కొర్రలే సోనా మసూరి కన్నా ఎక్కువ ధరకు కొనుక్కుంటున్నాం, అది వేరే కథ.) గ్రైండర్ రుబ్బే చాకిరీ తీసేసింది, నిలబడే చాకిరీని మాత్రం పండగ నుంచి ప్రతి పొద్దుటికీ తెచ్చింది.

"బయట ఎందుకు, ఇంట్లోనే చేసుకుందాం" అంటారు. తెలుగులో ఆ "కో" ఎంత గడుసుదో చూడండి. చేసుకోవడమంటే తనకోసం తాను చేయడం. ఆ మాట అనేవాళ్లు తింటారు, చేసేది ఇంకొకరు. ఆమె వైపు నుంచి చూస్తే అది చేసుకోవడం కాదు, చేసిపెట్టడం.

ప్రేమ లేదా మరి? ఉంది. నా కూతురు మూడో అప్పం అడిగినప్పుడు కలిగే సంతోషం అబద్ధం కాదు. కానీ ఇవ్వనని అనగలిగినప్పుడే ఇచ్చింది కానుక అవుతుంది. 2021లో వచ్చిన మలయాళ సినిమా 'ద గ్రేట్ ఇండియన్ కిచెన్'లో మామగారు ఎవరినీ కసురుకోడు. కట్టెలపొయ్యి మీద వండిన అన్నమైతే బాగుంటుందని మెత్తగా అంటాడు, అంతే. అదే ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో గృహిణి శ్రమకు విలువ కట్టింది. 2019 నాటి ప్రభుత్వ సర్వే లెక్కలను జస్టిస్ ఎన్.వి. రమణ ఆ తీర్పులో ఎత్తిచూపారు: ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానిమీద పెడుతున్నారు, చేసే మగవాళ్లు 97. మంచి తీర్పే. కానీ విలువ కట్టేనాటికి ఆమె బతికి లేదు.

కడపలో, ప్రొద్దుటూరులో వీధి చివర కారం దోసెలు పోసే స్త్రీలూ పొద్దున్నుంచి నిలబడే ఉంటారు. ఆ పొగ, ఆ కాళ్లనొప్పులు తేలికవి కావు. అయినా గిన్నె ఖాళీ అయితే "అయిపోయింది" అని మూత బోర్లించగలదామె. ఇంట్లో ఆ మాట అనాలంటే ఎంత ధైర్యం కావాలో మనకు తెలుసు.

మా ఇంట్లో ఇప్పుడు కరెంటు పొయ్యి తినే బల్ల మీదకు వచ్చింది. ఎవరి అప్పం వాళ్లు పోసుకుంటారు. మావారివి ఒకవైపు మందంగా, ఒకవైపు చిల్లులుగా వస్తాయి. మొన్న మా అత్త వచ్చింది. ఆమెను ముందు కూర్చోబెట్టి వేడిగా వడ్డించాం. ఒకటి తిని లేచి గరిటె అందుకునింది. "నువ్వు కూచో పాపా, నేను పోస్తాలే. కూచోని తింటే నాకు మింగుడు పడదు" అనింది. అరవై ఏళ్లుగా ఆమె పెద్దరికమంతా ఆ గరిటెలోనే ఉంది. దాన్ని ఆమె చేతిలోంచి తీసుకోవడం న్యాయమో కాదో తేల్చుకోలేక, ఆమె పోసిన రెండు అప్పాలు తిన్నాను. అంచులు సన్నగా, సమంగా వచ్చాయి.