నక్కతోక ఎవరు తొక్కారు?

మదీనత్ అల్ షమాల్ నుంచి జుబారా వైపు పోయే దారిలో చలికాలపు సాయంత్రాల్లో అప్పుడప్పుడు కనిపించే దృశ్యమే. ఇసుకలో బండి ఆపుకుని ఒక పెద్దాయన, తోలు తొడుగు వేసుకున్న చేతిమీద డేగను కూర్చోబెట్టుకుని ఉన్నాడు. డేగ కళ్ళకు చిన్న తోలు టోపీ. మా అబ్బాయి కిటికీలోంచి చూసి, "నాన్నా, మన ఊళ్ళో కూడా ఇలాంటి వేటవాళ్ళు ఉండేవారా?" అని అడిగాడు. ఉండేవారురా, నక్కలవాళ్ళు అన్నాను. అన్నాక ఇల్లు చేరేదాకా నాకు మళ్ళీ మాట తోచలేదు.

నెల్లూరు, చిత్తూరు వైపు వారికి నక్కలవాళ్ళను గురించి నేను చెప్పనక్కర లేదు. తమిళ దేశంలో నరికురవలంటారు. తమలో తాము మాట్లాడుకునే వాగ్రి భాష గుజరాతీకి దగ్గరి చుట్టం. ఊరి బయట గుడారాలు వేసుకుని ఉచ్చులు, వలలు పన్ని నక్కల్నీ పిట్టల్నీ పట్టేవారు. నక్కలాగే కూసి నక్కను పిలుస్తారని మా చిన్నతనంలో కథలుగా చెప్పుకునేవాళ్ళం. వాళ్ళు తెచ్చి అమ్మే వాటిలో 'నక్క కొమ్ము' ఒకటి. నక్కకు కొమ్ము ఉండదని మా నాయనమ్మకు తెలియక కాదు. అయినా బియ్యం కొలిచి ఇచ్చి ఒకటి కొని ఇనప్పెట్టెలో పెట్టింది. ఎవరికైనా అదృష్టం కలిసివస్తే నక్కతోక తొక్కి వచ్చాడనే జాతి మనది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ తరువాత నక్క మీద చెయ్యి వేస్తే నేరం. మంచి చట్టమే, అది లేకపోతే మన పిల్లలకు పులిని బొమ్మలోనే చూపించాల్సి వచ్చేది. నేను ఆగిపోయేది ఇంకో చోట. ఉచ్చు పన్నినవాడిని చట్టం పట్టుకుంది. ఉచ్చు ఎవరి కోసం పన్నాడో ఆ ఇనప్పెట్టెలవాళ్ళను అడిగినవారు లేరు. చట్టం చేసేముందు ఆ గుడారాల వైపు వెళ్ళి, "రేపటి నుంచి మీరేం తింటారు?" అని అడిగినవారు ఉన్నట్టు కూడా నేను వినలేదు.

దీని పక్కన అమెరికా సంగతి పెట్టి చూడండి. అక్కడ బొచ్చు కోసం ఉచ్చులు పన్నేవారికి రాష్ట్రాలవారీగా సంఘాలున్నాయి. తమ శాసనసభ్యుడికి ఫోను చేస్తారు, కమిటీ విచారణకు వెళ్ళి మైకు ముందు నిలబడతారు, ఇది మా తాతల నాటి విద్య అంటారు, జంతువుల సంఖ్య అదుపులో ఉండడానికి మేమే కావాలంటారు. వేటకు అనుకూలురైన సభ్యులు చాలా శాసనసభల్లో ప్రత్యేక బృందంగా కూడి ఉంటారు. ఇంత చేసినా అన్నిచోట్లా గెలవలేదు. 2019లో కాలిఫోర్నియా బొచ్చు వేటను పూర్తిగా నిషేధించింది. అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. 2021లో న్యూమెక్సికో ప్రభుత్వ భూముల్లో ఉచ్చుల్ని నిషేధించింది. రాక్సీ అనే పెంపుడు కుక్క ఉచ్చులో పడి యజమాని కళ్ళ ముందే చచ్చిపోతే ఆ చట్టానికి దాని పేరే వచ్చింది. ప్రతినిధుల సభలో 35 మంది అవునన్నారు, 34 మంది కాదన్నారు. ఓడిన పక్షానికి కనీసం 34 చేతులు లేచాయి. మన నక్కలవాడి తరఫున ఒక్క చెయ్యి లేచిందా?

డేగవేట కథ మరోలా నడిచింది. 2010లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ఆ పేరు నమోదు చేయించిన 11 దేశాల్లో ఖతారు ఒకటి. గల్ఫు ప్రముఖులు డేగలతో హుబారా పిట్టను వేటాడటానికి పాకిస్తాన్ వెళ్తుంటారు. 2015 ఆగస్టులో అక్కడి సుప్రీం కోర్టు ఆ వేటను నిషేధించింది. ప్రభుత్వమే వెళ్ళి, గల్ఫు దేశాలతో స్నేహానికి ఇది ముఖ్యమని మొరపెట్టుకుంటే, 2016 జనవరిలో అదే కోర్టు నిషేధం ఎత్తివేసింది. ఈ దేశపు ఉప్పు తింటూ ఈ దేశపు వేటను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి: డేగను ప్రాణంలా సాకుతారు, హుబారాను పెంచి ఎడారిలో వదలడానికి డబ్బు ఖర్చు పెట్టిందీ గల్ఫు దేశాలవారే. నేనడిగేది ఒకటే. ఒకరి వేట వారసత్వమూ మరొకరి వేట నేరమూ కావడానికి కారణం పిట్టకు కలిగే బాధలో ఉందా, వేటగాడి పలుకుబడిలో ఉందా?

ఈ మాట మిత్రుడొకరితో అంటే ఆయన ఊరుకోలేదు. "అంటే పేదవాడి ఉచ్చును వదిలేయమంటావా? మనుషుల మధ్య అన్యాయానికి పరిహారం నక్క చెల్లించాలా?" అన్నారు. గట్టి మాటే. కాలు ఇరుక్కున్న నక్కకు ఉచ్చు ఎవరిదైనా ఒకటే. ఉచ్చు తప్పైతే అందరికీ తప్పే, ఆ ముక్క ఒప్పుకున్నాను. కాని తప్పు మాన్పించే ఖర్చు ఎవరు భరించాలి? ఇప్పటిదాకా దాన్ని నక్కలవాడి పొయ్యి మీద వేశాం. ఆ పొయ్యి ఆరిపోయిందని అతను చెప్పుకోవడానికి ఏ గుమ్మమూ లేదు.

దారి లేక కాదు. మద్రాసు చుట్టుపక్కల ఇరులలు పాముల్ని పట్టి తోళ్ళు అమ్ముకుని బతికేవారు. చట్టం వచ్చి ఆ వ్యాపారం మూతపడింది. పాముల శాస్త్రజ్ఞుడు రోములస్ విటేకర్ తోడ్పాటుతో 1978లో వాళ్ళు సహకార సంఘం పెట్టుకున్నారు. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటిని ప్రభుత్వ అనుమతితో పట్టి, కొన్నాళ్ళు కుండల్లో ఉంచి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదులుతారు. మన ఊళ్ళలో పాము కరిచినవాడికి ఎక్కించే మందు తయారీకి వెళ్ళే విషంలో చాలా భాగం వాళ్ళ చేతి మీదుగా వచ్చిందే. 2023లో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరు ఇరుల పాములవాళ్ళకు పద్మశ్రీ ఇచ్చారు. అదే చెయ్యి, అదే విద్య. మధ్యలో ఒకరు కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు, అంతే తేడా.

నక్కలవాళ్ళ పేరు మన రాష్ట్రంలో షెడ్యూల్డు తెగల జాబితాలోకి ఎక్కింది. తమిళనాడులో వాళ్ళను చేర్చే బిల్లును పార్లమెంటు 2022 డిసెంబరులో ఆమోదించింది. చట్టం వాళ్ళ ఉచ్చు తీసుకున్న 50 ఏళ్ళకన్నమాట. ఈలోగా వాళ్ళు పూసలు, పిన్నీసులు, బుడగలు పట్టుకుని బస్టాండ్లకు చేరారు. సెలవులకు వెళ్ళినప్పుడు పిల్లలకు బుడగ కొని, చిల్లర వద్దులే అని దాతృత్వం చూపి వచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆ రాత్రి మా అబ్బాయి కొమ్ము ఏమైందని అడిగాడు. అన్నయ్యకు ఫోను చేశాను. ఇనప్పెట్టెను ఎప్పుడో పాత ఇనుము కింద వేసేశారట. కొమ్ము మాత్రం దేవుడి గూట్లో కుంకుమభరిణె పక్కనే ఉందనీ, శుక్రవారం శుక్రవారం అమ్మ దానికి పసుపు రాస్తుందనీ చెప్పాడు. తీసేయమందామని నోటిదాకా వచ్చి, "అమ్మ ఎలా ఉంది?" అని అడిగి ఫోను పెట్టేశాను.