పెద్దలు వచ్చి వెళ్లిన మరునాడు



ఫుట్‌బాల్ ఆటకూ మన విశ్వాస జీవితానికీ ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు బాల్యంలో పోలండు దేశంలోని తమ చిన్న ఊరు వాదోవిచేలో గోల్‌కీపరుగా ఆడినవారే. ఆటస్థలంలో మనిషి నైజం బయటపడుతుంది. బలవంతుడు బలహీనుడి ఎదుట ఎలా నిలబడతాడో, పేదవాడు ధనవంతుణ్ణి తన ఇంటికి ఎలా ఆహ్వానిస్తాడో అక్కడ కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. అందుకే ఈ వారం ఇంగ్లండు దేశపు చిన్న మైదానాల వైపు ఒకసారి చూద్దాం.

ఆ దేశంలో ఎఫ్.ఎ. కప్పు అనే పోటీ 1871లో మొదలైంది. అక్కడ పేరున్న 92 క్లబ్బులు నాలుగు అంతస్తులుగా ఉంటాయి. వాటికి దిగువన ఉన్నవాటిని నాన్-లీగ్ జట్లు అంటారు. వీటిలో చాలా జట్ల ఆటగాళ్లు పగలంతా వేరే పని చేసుకుని సాయంత్రం సాధనకు వచ్చేవారు. కప్పు పోటీకి ఏటా ఏడు వందలకు పైగా జట్లు పేరిస్తాయి. చిన్న జట్లు తమలో తాము ఆడి వడకట్టుకోగా 20 మిగులుతాయి. జనవరిలో జరిగే మూడవ రౌండులో పై రెండు అంతస్తుల 44 జట్లు వచ్చి వాటితో కలుస్తాయి. అప్పుడు అంకెలు వేసిన బంతులను కలిపి, మనం చీట్లు తీసినట్టే ఒక్కొక్కటి తీస్తారు. జతలో మొదట ఎవరి అంకె వస్తే వారి మైదానంలోనే ఆట. ఎంత డబ్బున్న జట్టయినా చీటీ చెప్పిన ఊరికి ప్రయాణం కట్టవలసిందే.

యూదా స్థానంలో మత్తియాను ఎన్నుకొనేటప్పుడు అపోస్తలులు కూడా ప్రార్థన చేసి చీట్లు వేశారని మనం చదువుకున్నాం. చీటీకి ముఖప్రీతి లేదు. ఎవరి సిఫారసూ దానికి వినబడదు. పెద్దవాణ్ణి చిన్నవాడి గడప దగ్గరకు తీసుకువెళ్లే శక్తి ఈ లోకంలో చాలా తక్కువ చోట్ల ఉంది. అలాంటి చోట్లలో ఈ కప్పు పోటీ ఒకటి.

1949 జనవరి 29న సండర్లాండు జట్టు యోవిల్ అనే చిన్న పట్టణానికి వెళ్లింది. సండర్లాండును అప్పట్లో 'బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు' క్లబ్బు అని పిలిచేవారు. వారి ఆటగాడు లెన్ షాకిల్టన్ ఒక్కడి కోసమే అంతకు ముందు సంవత్సరం 20,000 పౌండ్లకు పైగా పోశారు. యోవిల్ వారి హ్యూష్ మైదానమేమో ఒక పక్కనుంచి ఇంకో పక్కకు వాలుగా ఉండేది. ఆట నేర్పే అలెక్ స్టాక్ తానే ఆడి మొదటి గోలు కొట్టాడు. అదనపు సమయంలో యోవిల్ 2-1తో గెలిచింది.

నలభై ఏళ్ల తరువాత, 1989 జనవరి 7న, కోవెంట్రీ సిటీ జట్టు సటన్ యునైటెడ్ మైదానానికి వచ్చింది. కోవెంట్రీ రెండేళ్ల క్రితమే, 1987లో, ఆ కప్పును గెలిచినవారు. సటన్ మేనేజరు బారీ విలియమ్స్ ఇంగ్లీషు చెప్పే పంతులుగారు. గెలుపు గోలు కొట్టిన మాథ్యూ హాన్‌లన్ ఇటుకలు పేర్చే మేస్త్రీ. అక్కడా 2-1తో చిన్నవారిదే గెలుపు. మన హైదరాబాదులో ఎస్.ఎ. రహీం గారు కూడా బడిపంతులుగా పనిచేసినవారే. 1962లో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచిన భారత జట్టుకు శిక్షకులు ఆయనే. పంతుళ్లను, మేస్త్రీలను తక్కువగా చూడకూడదని ఆట కూడా చెబుతుంది.

ఇటువంటి కథలు వినగానే మనకు దావీదు, గొల్యాతు గుర్తుకు వస్తారు. చప్పట్లు కొడతాం. కాని తరువాత ఏమి జరిగిందో ఎవరూ చెప్పరు. యోవిల్ తరువాతి రౌండులో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 8-0తో ఓడింది. సటన్ తరువాతి రౌండులో నార్విచ్ చేతిలో ఓడింది. అదీ 8-0తోనే! గెలుపు వల్లనే వారికి విలువ వచ్చి ఉంటే, ఎనిమిది గోల్స్‌తో ఆ విలువ కొట్టుకుపోవాలి కదా? కాని పోలేదు. ఇన్నేళ్లయినా ఆ ఊళ్లలో తండ్రులు పిల్లలకు ఆ రోజును గూర్చి చెబుతూనే ఉన్నారు. అంటే ఆ విలువకు వేరు ఎక్కడో ఉంది.

ఎక్కడుందో 2021లో జరిగిన ఒక ఆట మనకు చూపిస్తుంది. లివర్‌పూల్ దగ్గరి క్రాస్బీలో మెరైన్ అనే క్లబ్బు 1894 నుంచి ఉంది. అప్పుడది ఎనిమిదవ అంతస్తు జట్టు. ఆటగాళ్లలో బడిపంతులు ఉన్నాడు, చెత్త ఎత్తే పనివాడు ఉన్నాడు. చీటీలో వారి మైదానానికి టాటెన్‌హామ్ వచ్చింది. ఎంతటి భాగ్యం! కాని అది కరోనా కాలం. ప్రేక్షకులకు ప్రవేశం లేదు. జీవితంలో ఒక్కసారి వచ్చే పండుగ, వాకిలి మూసుకుని జరుపుకోవలసి వచ్చింది. క్లబ్బు వారు ఒక్కొక్కటి 10 పౌండ్లకు, కూర్చోవడానికి కుర్చీ లేని టికెట్లు అమ్మారు. మైదానంలో మూడు వేల చిల్లర మందికి మించి పట్టరు. టికెట్లు మాత్రం 30,000కు పైగా అమ్ముడుపోయాయి. కొన్నవారిలో టాటెన్‌హామ్ అభిమానులు కూడా ఎంతోమంది ఉన్నారు. మైదానానికి ఒక పక్కన ఇండ్ల పెరళ్లే ఉన్నాయి. ఆ ఇండ్లవారు గోడ మీదుగా తొంగిచూస్తూ తమ జట్టును ఆడించుకున్నారు. మెరైన్ 5-0తో ఓడింది. అయినా ఆ రోజు ఎవరూ దాన్ని అవమానమని అనలేదు.

గెలవలేదు, ప్రేక్షకులు రాలేదు. మరి ఆ రోజు దేనికి గౌరవం జరిగింది? నూట ఇరవై ఏడేళ్లుగా ఎవరూ చూడకపోయినా గేటు తాళం తీసినవారికి, గీతలకు సున్నం వేసినవారికి, వానలో టీ కాచి ఇచ్చినవారికి జరిగింది. టాటెన్‌హామ్ రాక వారికి విలువ తెచ్చిపెట్టలేదు. ఉన్న విలువ మీద వెలుగు పడింది. దీపం తెచ్చినవాడు ఇంట్లోని వస్తువులను తయారు చేయడు కదా!

"ఇదంతా వినడానికి బాగానే ఉంది. కాని పెద్ద జట్టు వస్తే చిన్న క్లబ్బుకు నాలుగు డబ్బులు వస్తాయి, కప్పు బాగవుతుంది, అప్పు తీరుతుంది. అది విలువ కాదా?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన ప్రభువు జక్కయ్య ఇంటికి వెళ్లినప్పుడు ఆ రాకతో నిజమైన మేలు జరిగింది. అయితే ఆ మేలు ఏ రూపంలో వచ్చిందో గమనించండి. అతడు తన ఆస్తిలో సగం పేదలకు ఇచ్చాడు, మోసపోయినవారికి నాలుగింతలు తిరిగి ఇచ్చాడు. ప్రభువు మళ్లీ ఎప్పుడు వస్తారా అని వాకిట్లో కూర్చోలేదు. నిజమైన దర్శనం మనిషిని తన కాళ్లపై నిలబెడుతుంది. ఉత్తుత్తి దర్శనం ఫొటో మిగిల్చి పోతుంది.

ఇక్కడ పెద్దల బాధ్యతను గూర్చి కూడా చెప్పుకోవాలి. ఈ పోటీలో ఆట సమానంగా ముగిస్తే రెండవ జట్టు మైదానంలో మళ్లీ ఆడేవారు. దాన్ని రీప్లే అంటారు. 1972లో హెర్‌ఫర్డ్ అనే నాన్-లీగ్ జట్టు న్యూకాజిల్ వెళ్లి 2-2తో సమానంగా నిలిచింది. అందువల్ల న్యూకాజిల్ వారు హెర్‌ఫర్డ్‌కు రావలసి వచ్చింది. ఫిబ్రవరి 5న బురదలో జరిగిన ఆ ఆటలో రోనీ రాడ్‌ఫర్డ్ అనే వడ్రంగి దూరం నుంచి కొట్టిన గోలు నేటికీ చెప్పుకుంటారు. ఆ జట్టు 2-1తో గెలిచింది. అయితే 2024-25 నుంచి మొదటి రౌండు మొదలుకొని రీప్లేలు తీసివేశారు. పెద్ద జట్లకు ఐరోపా పోటీలు పెరిగాయి, తేదీలు ఖాళీ లేవు అన్నది కారణం. ఆటగాళ్ల అలసట నిజమే, కాదనలేం. కాని లూకా సువార్తలోని విందు ఉపమానం గుర్తుకు రాకమానదు. పిలిచినవారిలో ఒకరికి పొలం పని, ఒకరికి ఎడ్ల పని, ఒకరికి పెండ్లి. ఎవరూ అబద్ధం చెప్పలేదు. తీరిక మాత్రం లేకపోయింది. పేదవాడి ఇంటికి వెళ్లడానికి తీరిక లేకపోవడం కూడా పాపమే కాగలదని ఆ ఉపమానం హెచ్చరిస్తుంది.

ఇక మన సంగతి. మేత్రాణులవారు భద్రమైన అభ్యంగనం ఇవ్వడానికి వస్తున్నారంటే గుడికి సున్నం వేస్తాం, దారిలో ముళ్లకంప కొట్టేస్తాం, తోరణాలు కడతాం. ఇది మంచి ఆచారం, మానకూడదు. కాని మరుసటి ఆదివారం గుడిలో ఎందరున్నాం? తెల్లవారుజామున గంట కొట్టే ఉపదేశిగారికి, పీఠం మీద పూలు మార్చే అవ్వకు మనం ఎప్పుడైనా కృతజ్ఞతగా ఒక మాట చెప్పామా? బంగారు ఉంగరం పెట్టుకు వచ్చినవాడికి మంచి చోటిచ్చి, చినిగిన బట్టలవాణ్ణి నిలబెట్టే సంఘాన్ని యాకోబు గారు తమ లేఖలో గట్టిగానే మందలించారు. ఆ మందలింపు మన పెండ్లిపందిళ్లకూ, మన విచారణ సభలకూ వర్తిస్తుంది.

మనలో కొందరం పెద్దవాళ్లం కూడా. పట్నంలో ఉద్యోగం ఉన్న కొడుకు పల్లెలోని తల్లికి పెద్ద అతిథే. అతడు ఏడాదికి ఒక్కసారి వచ్చి అన్నీ లెక్కచూసి పోతే ఆ తల్లికి మిగిలేది ఎదురుచూపే. "అమ్మా, నువ్వు ఇన్నాళ్లూ ఈ ఇల్లు ఎలా నిలబెట్టావో చెప్పు" అని పక్కన కూర్చుంటే ఆమెకు తన జీవితం తనకే కొత్తగా కనబడుతుంది.

2014 డిసెంబరులో అప్పుల పాలై హెర్‌ఫర్డ్ యునైటెడ్ క్లబ్బు మూతపడింది. వచ్చి పోయిన పెద్ద జట్లేవీ దాన్ని నిలబెట్టలేదు. కాని అభిమానులు అదే ఎడ్గర్ స్ట్రీట్ మైదానంలో కొత్త క్లబ్బును మొదలుపెట్టారు. ఎక్కడో తొమ్మిదవ అంతస్తు నుంచి మళ్లీ ఆడడం ఆరంభించారు. సంఘమంటే అలాంటి మనుషులే. ప్రభువు మన మధ్యకు వచ్చే అతిథి మాత్రమే కాదు, ప్రతి ఆదివారం అప్పరూపంలో మన దగ్గరే ఉండేవాడు. ఆయన విడిచిపోని ఇల్లు చిన్న ఇల్లు ఎలా అవుతుంది?