అసలు ఊరు

కువైట్‌లో మాలియా బస్టాపు దగ్గర శుక్రవారం సాయంత్రం నిలబడితే చాలు, ఎవరో ఒకరు పలకరించేవారు. "ఏవూరుక్కా మీది?" వారానికి ఆ ఒక్కరోజు సెలవు దొరికిన మనవాళ్ళు చాలామంది అక్కడికే చేరేవారు. రాయచోటి, రాజంపేట వైపు నుంచి డ్రైవర్లుగా వచ్చినవాళ్ళు, మా గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళలో పనికి వచ్చిన ఆడవాళ్ళు. ఇంటికి డబ్బు పంపడానికి ఒకరు, ఊరి నుంచి ఆవకాయ తెచ్చినవాళ్ళని కలవడానికి ఒకరు, నాలుగు తెలుగు మాటలు చెవిన పడతాయని ఇంకొకరు. నేను "కాకినాడ" అనేదాన్ని. అడిగినావిడ ఆ వైపు మనిషైతే "తాళ్ళరేవు" అనేదాన్ని. తాళ్ళరేవు ఎరిగినావిడైతే మా మామగారి పేరు చెప్పేదాన్ని. అప్పుడావిడ మొహం విప్పారేది. "అయితే మనోళ్ళే" అంటూ నా చెయ్యి పట్టుకునేది.

అదే నగరంలో ఆస్పత్రికి వెళితే చీటీ రాసే అమ్మాయి "మిన్ వేన్?" అనేది. ఎక్కడి నుంచి అని. "హిందీ" అని చెప్పాలి. భారతీయుల్ని అరబ్బీలో అనే మాట అదే. హిందీ రాని నేను పాతికేళ్ళు ఆ జవాబే చెప్పాను. పక్క ఫ్లాటు మలయాళీలు మీ నాడు ఎక్కడ అని అడిగితే ఆంధ్రా అనేదాన్ని. ఉత్తరాదివాళ్ళకి హైదరాబాద్ అనేదాన్ని. అప్పటికి హైదరాబాద్ నేను చూసింది రెండేసార్లు. అయినా అబద్ధం చెప్పినట్టు అనిపించేది కాదు. అడిగినవాళ్ళు ఎంత దూరం రాగలరో చూసుకుని అంతవరకే ఎదురు వెళ్ళేదాన్ని. వాళ్ళు దగ్గరకొచ్చేకొద్దీ ఊరు చిన్నదయ్యేది, చివరికి ఒక వీధి, ఆ వీధిలో ఒక అరుగు మిగిలేవి.

ఈ ప్రశ్నని మన భాష అడిగే తీరు గురించి అక్కడున్నప్పుడే చాలా ఆలోచించాను. ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ హిందీలోనూ "ఎక్కడి నుంచి" అనే అడుగుతారు. ఆ ప్రశ్నలో మనం అప్పటికే బయల్దేరి వచ్చేసినవాళ్ళం. తెలుగులో ఆ "నుంచి" లేదు. "మీదే ఊరు?" అంటాం. మీది ఏది అని. మనిషి ఊరికి చెందుతాడా, ఊరు మనిషికి చెందుతుందా అంటే మన భాష రెండోదాన్నే పట్టుకుంది. జవాబు చెప్పేటప్పుడూ "నాది" అనం, "మాది" అంటాం. ఒంటరిగా వచ్చి, ఎవరి వంటింటి పక్క గదిలోనో చాప పరుచుకుని పడుకునే ఆడమనిషి కూడా "మాది పాలకొల్లండి" అంటుంది. ఆ "మా"లో ఆవిడ పిల్లలున్నారు, అత్తగారుంది, పాకలో గేదె ఉంది. గోదావరి జిల్లాల్లో ఇంకో అడుగు ముందుకేసి "మనదేవూరండీ?" అని అడుగుతారు. పేరైనా తెలియని మనిషి ఊరిని, అదేదో వినకముందే, తమదాన్లో కలిపేసుకుంటారు. ఈ ప్రశ్నని ఇంత ఆదరంగా అడిగే భాష నాకు ఇంకోటి తగల్లేదు.

అయితే ఆడపిల్లకి ఈ ప్రశ్న ముందునుంచీ మెలికే. నేను పుట్టి పెరిగింది మండపేటలో. పెళ్ళయిన మర్నాటి నుంచి "మాది" తాళ్ళరేవు. ఆ ఊళ్ళో మంచినీళ్ళ చెరువు ఎటువైపో తెలియకముందే అది మాదయింది. పందొమ్మిదేళ్ళు తిరిగిన నా ఊరేమో "పుట్టిల్లు" అయింది. ఊరంత ఊరు ఒక ఇల్లయిపోయింది. పాస్‌పోర్టు చేతికి రాకముందే నేనొక వలస వెళ్ళాను. దాన్ని వలస అని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు. కువైట్‌లో మొదటిసారి "మాది కాకినాడ దగ్గరండి" అన్నప్పుడు ఆ మాట నోటికి అలవాటయినట్టే వచ్చింది. ఒక ఊరిని మాదనడం ఎలాగో అప్పటికే ఒకసారి నేర్చుకున్నాను మరి.

మన ఇంటిపేర్లు చూడండి. నెల్లూరివారు, ఏలూరివారు, తాడేపల్లివారు. నెల్లూరులోనే ఉండేవాణ్ణి నెల్లూరివాడని పిలవాల్సిన పనేముంది? అక్కడందరూ నెల్లూరివాళ్ళే. ఎప్పుడో ఎవరో ఆ ఊరు వదిలి ఇంకో ఊరు చేరి ఉంటారు. అక్కడివాళ్ళు మీదే ఊరని అడిగి ఉంటారు. ఆయన చెప్పిన జవాబే ఇంటిపేరై పిల్లలకీ, పిల్లల పిల్లలకీ అంటుకుని ఉంటుంది. ఊరి పేరు, ఊరు వదిలినవాళ్ళకే దక్కింది. ఈ సంగతి తట్టిన రోజున నాకు చాలా ధైర్యంగా అనిపించింది. ఇల్లు వదిలి పోయినవాళ్ళం మేమొక్కళ్ళమే కాదు.

తాళ్ళరేవు పక్కనే కోరంగి. ఇప్పుడు అక్కడ చూడాలంటే మడ అడవి, పిట్టలు. ఒకప్పుడు అది పెద్ద రేవు, ఓడలు కట్టిన చోటు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన వచ్చి ఊడ్చేసింది. రేవు పోయింది గాని పేరు సముద్రం దాటింది. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళందర్నీ అక్కడ కోరంగీలనేవారు. శ్రీకాకుళం నుంచి వెళ్ళినా, విశాఖపట్నం నుంచి వెళ్ళినా, కోరంగి మొహం చూడకపోయినా కోరంగీలే. గౌరవంగా పిలిచిన పిలుపు కాదది. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్ళని, రిక్షాలు లాగినవాళ్ళని పిలిచిన పిలుపు. మా మామగారి చిన్నాన్న రంగం, అంటే ఆ రంగూనే, వెళ్ళి, 1942లో జపాను బాంబులు పడ్డాక కొండలూ అడవులూ నడిచి తిరిగొచ్చాడట. కోరంగికి రెండు మైళ్ళ దూరంలో పుట్టినవాడు. "ఆ మాట నా ఒక్కడి విషయంలో నిజం" అనేవాడట ఆయన. తిరిగొచ్చాక ఊళ్ళో ఆయన పేరు రంగం తాత. చచ్చిపోయేదాకా అదే పేరు.

మా ఇంటిని ఇప్పుడు కువైటోళ్ళ ఇల్లంటారు. అక్కడ హిందీ, ఇక్కడ కువైటోళ్ళం. నాకిందులో కోపం లేదు. కోపం వచ్చేది, బాధ కలిగేది ఇంకోచోట ఉంది, అది చెబుతాను.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేనాటికి మా అబ్బాయికి మూడేళ్ళు. బస్రా మీదుగా బాగ్దాదు, అక్కడి నుంచి ఎడారి దాటి జోర్డాన్ సరిహద్దు. గుడారంలో పదకొండు రోజులున్నాం. పగలు గుడారం గుడ్డ ముట్టుకుంటే చెయ్యి కాలేది, రాత్రి ఉన్న రెండు చీరలూ పిల్లాడికి చుట్టేదాన్ని. ఆ రెండు మూడు నెలల్లో లక్షా డెబ్భై వేల మంది దాకా భారతీయుల్ని విమానాల్లో ఇంటికి చేర్చారు. అమ్మాన్ నుంచి మేమూ అలాగే వచ్చాం. బొంబాయిలో దిగాక రైలు టిక్కెట్టు రాసే ఆయన "ఏ ఊరికి?" అని అడిగాడు. "కాకినాడ" అన్నాను. ఎవరు అడుగుతున్నారో చూసుకోకుండా, ఎంతవరకు చెప్పాలో లెక్క వేసుకోకుండా ఆ జవాబు చెప్పింది నా జీవితంలో ఆ ఒక్కసారే. పిల్లాడు నా భుజం మీద నిద్రపోతున్నాడు. వాడిది ఏ ఊరో ఆవేళ నాకు తట్టనేలేదు.

యుద్ధం అయిపోయాక 1992లో మళ్ళీ వెళ్ళాం. బతుకు అక్కడే ఉంది. వాడికి తొమ్మిదేళ్ళప్పుడు సెలవులకి వస్తుంటే రైల్లో ఎదురు సీటు పెద్దమనిషి అడిగారు. "బాబూ, మీదే ఊరు?" వాడు తడుముకోకుండా కువైట్ అన్నాడు. "అది సరే, అసలు ఊరు?" వాడు నా వంక చూశాడు. నేను తాళ్ళరేవు అన్నాను. ఆయన తృప్తిగా తల ఊపారు. వాడు కిటికీ వైపు తిరిగి, సామర్లకోట వచ్చేదాకా మాట్లాడలేదు. పిల్లాడు ఇచ్చిన జవాబు చెల్లలేదు. వాడి బదులు నేను చెల్లే నోటు తీసిచ్చాను. ఆ పని చేసినందుకు నాకిప్పటికీ బాధగా ఉంటుంది.

వాడికి ఊహ తెలిసిన ఊరు అదొక్కటే. అయినా ఆ ఊరు వాణ్ణి తనవాడని ఏనాడూ అనలేదు. అక్కడి 1959 నాటి చట్టం ప్రకారం 1920కి ముందు నుంచి స్థిరపడి ఉన్నవాళ్ళు పౌరులు, తర్వాత అది ప్రధానంగా తండ్రి నుంచి పిల్లలకి వచ్చేది. అక్కడ పుట్టడం అనే దానికి విలువ లేదు. వాళ్ళ నాన్న ఉద్యోగం ఉన్నన్నాళ్ళే మా అందరి బతాకాలూ, అంటే అక్కడి గుర్తింపు కార్డులూ, చెల్లేవి. మా పక్క భవనంలో ముప్ఫై ఏళ్ళున్న ఒక కుటుంబం ఆయన రిటైరయిన మూడో నెలకల్లా సామాన్లన్నీ పంచిపెట్టి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మాయి వెళ్ళేముందు వచ్చి మా బాల్కనీలోంచి వాళ్ళ స్కూలు గోడని ఫోటో తీసుకుంది.

మావాడు చదువుకని అమెరికా వెళ్ళాడు, ఉద్యోగం వచ్చింది, గ్రీన్‌కార్డుకి కాగితాలు పెట్టాడు. అప్పుడు ఒక విచిత్రం జరిగింది. ఆ కార్డుల్లో ఏ ఒక్క దేశం వాళ్ళకీ ఏడాదికి 7 శాతం మించి ఇవ్వకూడదని అక్కడి రూలు. ఆ లెక్కకి ఏ దేశం పాస్‌పోర్టో చూడరు, ఏ దేశంలో పుట్టారో చూస్తారు. మనవాళ్ళ క్యూ ఏళ్ళకేళ్ళు కదలదు. భారత పాస్‌పోర్టు ఉన్నా మావాడు ఆ క్యూలో లేడు. కువైట్ క్యూలో ఉన్నాడు. అందులో అప్పట్లో ఆలస్యమే లేదు. గుంటూరులో పుట్టిన మా కోడలు కూడా భర్త పుట్టిన దేశం లెక్కనే వెళ్ళింది. అమెరికా చట్టం అందుకు ఒప్పుకుంటుంది. ఆ పిల్ల కువైట్ నేల మీద కాలు పెట్టి ఎరగదు. పెళ్ళయిన మర్నాడు నాకు తాళ్ళరేవు మాదయినట్టే ఆ పిల్లకి కువైట్ తనదయింది.

ఆ కబురు చెప్పడానికి వాడు ఫోన్ చేసినప్పుడు గొంతు బొంగురుపోయింది. "అమ్మా, నన్ను కువైట్ వాడని మొదటిసారి కాగితం మీద ఒప్పుకున్నారు" అన్నాడు. ఒప్పుకున్నది కువైట్ కాదు. అయినా వాడికది చాలా పెద్ద సంగతి. అక్కడ వాడి పక్కనే కూర్చుని పనిచేసే మనవాళ్ళు ఎంతోమంది ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. వాళ్ళని తలుచుకుని సంతోషం కూడా సగమే పడ్డాడు.

ఇప్పుడు మనవరాలు. ఎనిమిదేళ్ళు. టెక్సస్‌లో ఫ్రిస్కో అనే ఊళ్ళో పుట్టింది. నిరుడు కాకినాడలో మా ఆడపడుచు మనవడి పెళ్ళికి వచ్చారు. పందిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న మా వారి బాబాయిగారు పిల్లని దగ్గరికి పిలిచారు. "ఏ ఊరమ్మా మీది?" "ఫ్రిస్కో" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వి, "అది కాదమ్మా, అసలు ఊరు?" అన్నారు. అది నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "నానమ్మా, అసలు అంటే ఏంటి?" అంది.

అసలు అంటే అప్పిచ్చేటప్పుడు మొదట ఇచ్చిన మొత్తం. దాని మీద పెరిగేది వడ్డీ. అసలు కంటే వడ్డీ ముద్దని మనవల్ని చంకనెత్తుకుని మురిసిపోతాం. మళ్ళీ ఆ పిల్లల్నే నిలబెట్టి నీ అసలెక్కడ అని నిలదీస్తాం. ఫ్రిస్కో అసలు కాదంటే ఆ పిల్లకి ఏం మిగిలింది? అది నడక నేర్చిన గచ్చు, దాని బడి, దాని నేస్తాలు ఉన్న ఊరు అది. పుట్టిన ఊరివాళ్ళు కొందరు దాని మొహం చూసి ఇంతకీ మీరెక్కడివాళ్ళని అడుగుతారు. అక్కడ రెండోసారి అడిగితే మనకి అవమానం. ఇక్కడ మనమే రెండోసారి అడుగుతున్నాం.

ఆవేళ రైల్లో చేసిన తప్పు మళ్ళీ చెయ్యలేదు. "బాబాయిగారూ, దానిది ఫ్రిస్కోనేనండీ" అన్నాను. ఆయన నన్నొకసారి, దాన్నొకసారి చూశారు. పెద్దవారు, మంచివారు. కాస్త ఆగి, "అయితే మీ ఊళ్ళో వానలు బాగా పడతాయామ్మా?" అని అడిగారు.

అది ఆయన కుర్చీ పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టింది. వసంతంలో వాళ్ళ ఊళ్ళో నిమ్మకాయలంత వడగళ్ళు పడతాయని, వాళ్ళ నాన్న కారు పైకప్పంతా సొట్టలని, సుడిగాలి వస్తే ఎలా ఉండాలో నేర్పడానికి బళ్ళో అందర్నీ వరండాలో గోడవైపు తిరిగి తలమీద చేతులు పెట్టుకుని కూర్చోమంటారని. చేతులు పెట్టుకుని చూపించింది. ఆయన 1996 నవంబరు తుఫాను చెప్పారు. ఆ రాత్రి కొబ్బరిచెట్లు ఎలా విరిగాయో, తెల్లారేసరికి పెంకుటిళ్ళ మీద ఒక్క పెంకు లేకుండా ఎలా పోయిందో. "మీ ఊళ్ళో కూడానా?" అంది అది కళ్ళు పెద్దవి చేసి. భోజనాలకి పిలుపొచ్చినా ఇద్దరూ లేవలేదు. పక్కపక్కనే విస్తళ్ళు వేయించుకుని అక్కడా గాలివాన కబుర్లే చెప్పుకున్నారు.

సంక్రాంతికి వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. మీ ఇళ్ళకీ ఇలాంటి పిల్లలు వస్తారు, డల్లాస్ నుంచో, మస్కట్ నుంచో, మెల్‌బోర్న్ నుంచో. మీదే ఊరని తప్పకుండా అడగండి, అడగకపోతే మనవాళ్ళు కానట్టు ఉంటుంది. ఒక్కసారే అడగండి. చెప్పిన ఊరు గురించి వాళ్ళని మాట్లాడనివ్వండి.