మంచం పట్టిన తల్లి ఎవరి బాధ్యత?

 

తల్లిదండ్రులు ముసలివారైనప్పుడు వారి ముందు విసుగుతో ‘ఉఫ్’ అని కూడా అనకూడదని బనీ ఇస్రాయీల్ సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. ఈ ఆయతును జుమా ప్రసంగాల్లో మేము ఎన్నోసార్లు వినిపించాము. కానీ మంచం పట్టిన మనిషిని చూసుకోవటం అంటే ఏమిటో 2024 చివర్లో మా వీధిలోనే తెలిసివచ్చింది.

కడప జిల్లాలోని ఎన్నో ఇళ్ళలాగే అదీ కువైట్ సంపాదన మీద నడిచే ఇల్లు. పక్షవాతంతో పడిపోయిన వృద్ధురాలు, కోడలు, ఇద్దరు పసిపిల్లలు. కొడుకు నెలనెలా డబ్బు పంపుతున్నాడు. ఒకటో తారీఖున సచివాలయ ఉద్యోగి 4,000 రూపాయల పింఛను ఇంటికే తెచ్చి ఇస్తున్నాడు. ఏఎన్ఎమ్ వచ్చి బీపీ చూసి వెళుతోంది. మస్జిదు కమిటీ రమజానులో బియ్యం, బట్టలు ఇచ్చింది. మేము దుఆ చేశాము. ఇంతమంది వస్తూ పోతూ ఉండగానే ఆమె వీపు మీద పుండ్లు పడి చీము పట్టాయి. ఆ సంగతి ముందుగా కనిపెట్టింది పక్కింటి హిందూ సోదరి.

వెంటనే అందరి వేళ్ళూ కోడలి వైపే చూపించాయి. రెండు గంటలకొకసారి మనిషిని పక్కకు తిప్పాలి; రాత్రీ పగలూ ఒక్కతే ఎలా తిప్పుతుంది? షరీఅతులో తల్లి సేవ సంతానం మీద విధి. కోడలు చేసేది ఆమె మంచితనం. ఈ మాట మన ఇళ్ళలో చాలామందికి రుచించదు.

ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) తమ ‘కితాబుల్ ఖరాజ్’లో ఒక సంఘటన పొందుపరిచారు. ఒక ఇంటి వాకిట బిచ్చమెత్తుతున్న చూపులేని ముసలి యూదుణ్ణి హజ్రత్ ఉమర్ (రజి) చూశారు. చేయి పట్టుకుని తమ ఇంటికి తీసుకెళ్ళి ఉన్నదేదో ఇచ్చారు. అంతటితో ఊరుకోలేదు. బైతుల్‌మాల్ అధికారిని పిలిపించి, అతనికీ అతనిలాంటి వారికీ జిజ్యా తీసివేయించారు. ఇల్లు, ఖజానా, చట్టం మూడూ ఒక్క ముసలివాని దగ్గర కలిశాయి!

మనకూ అవన్నీ ఉన్నాయి. వయోవృద్ధుల పోషణకు 2007లో చట్టం వచ్చింది. పట్టించుకోని సంతానం మీద ఆర్డీఓ ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. సలహా కోసం 14567కు ఫోన్ చేయవచ్చు. అయితే చట్టం భృతి ఇప్పిస్తుందేగాని ఒళ్ళు తుడవదు.

ఒకరోజు ఇషా తరువాత ఏఎన్ఎమ్‌ను, సచివాలయ ఉద్యోగిని, ముతవల్లీని, వీధి స్త్రీలను ఆ ఇంటి వసారాలో కూర్చోబెట్టాము. పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి 15,000 రూపాయల పింఛను ఉందని ఉద్యోగికి తెలుసు. ఆమె లేవలేదని ఏఎన్ఎమ్‌కు తెలుసు. ఇన్నాళ్ళూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, అంతే. డాక్టరు ధ్రువపత్రం కోసం ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళే పని ముతవల్లీ తీసుకున్నారు. పుండ్లు కడిగి కట్టు కట్టడం ఏఎన్ఎమ్ కోడలికి నేర్పింది.

కొడుకు ఫోన్‌లో, తల్లికి పంపేది జకాత్‌లో లెక్కవేసుకోవచ్చా అని అడిగాడు. కూడదు నాయనా! తల్లి పోషణ నీ మీది బాకీ. బాకీని జకాత్‌తో తీర్చరు. పగలు సాయానికి పెట్టిన మనిషి జీతం అతనే పంపుతున్నాడు.

తలగడ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టాము. ఎవరు ఎన్ని గంటలకు తిప్పారో అందులో రాస్తారు. రాత్రి పన్నెండు నుండి ఫజ్ర్ వరకు గడుల్లో ఇంకా కోడలి పేరే ఉంది. వీధిలోని సోదరీమణులు ఎవరైనా వారానికి ఒక్క రాత్రి తీసుకోగలరేమో చెప్పండి.