హెచ్చరికయు అభయమును

ఆపదను గూర్చి ముందుగా చెప్పుట పుణ్యకార్యమని లోకము భావించును. జారుడుమెట్ల బావి యొడ్డున హెచ్చరిక పలక నాటినవానిని దూషించువా రెవ్వరు? అయినను హెచ్చరించుటలో గూడ న్యాయాన్యాయములు కలవనియు, చెప్పు తీరునుబట్టి అది కొందఱికి కీడగుననియు నా యభిప్రాయము. అంతర్జాల మోసములను గూర్చి ప్రభుత్వమును, బ్యాంకులును, పోలీసుశాఖవారును మన దేశమున నేడు జరుపుచున్న ప్రచారము ఇందుకు తగిన నిదర్శనము.

ఏటేట ఫిబ్రవరి మాసమున పలుదేశములవారు జరుపుకొను దినోత్సవ మొకటి కలదు. అది 2004లో ఐరోపాఖండమున మొదలైనది. దాని ఆంగ్లనామమున ‘సేఫ్’ అని కాక ‘సేఫర్’ అని యున్నది. వ్యాకరణము చెప్పి పొట్టపోసికొనువాడను గనుక ఈ స్వల్పవిషయము నాకు ముచ్చట గొలిపినది. సంస్కృతమందలి ‘తర’ ప్రత్యయమువలె నది తారతమ్యమును తెలుపును; నిన్నటికంటె నేడు కొంత క్షేమమని మాత్రమే దాని వాగ్దానము. మన గోడపత్రికల కీ వినయము లేదు. ‘జాగ్రత్తగా నున్నవారు మోసపోరు’ అని యవి ఘోషించును. తర్కము చదివినవా రీ వాక్యమును తిరుగవేసి చూతురుగాక! మోసపోయినవాడు జాగ్రత్తలేనివాడే యని తేలును. దొంగను విడిచి సొమ్ము పోయినవానిని బోనెక్కించు తీర్పిది.

‘డిజిటల్ అరెస్టు’ అను పేర జరుగు మోసమును పరిశీలింపుడు. మొదట ఫోను వచ్చును. మీ పేరిటి పార్శిలులో మాదకద్రవ్యములు దొరికినవనియో, మీ ఆధారు సంఖ్యతో తెఱచిన ఖాతాలో దొంగసొమ్ము చేరినదనియో చెప్పుదురు. పిమ్మట పోలీసు దుస్తులవా డొకడు తెరమీద కనబడును. ఒక్కొక్కప్పుడు న్యాయస్థానమును గూడ నాటకశాలలోవలె అమర్తురు. కెమెరా యెదుటినుండి కదలరాదు. కట్టుకొన్న భార్యతోనైనను చెప్పరాదు. నిర్దోషిత్వము తేలువరకు సొమ్ము తాము చెప్పిన ఖాతాకు పంపవలెను. మన శాసనములలో నిట్టి అరెస్టు లేనేలేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రియే రేడియో ప్రసంగమున ఈ సంగతి చెప్పి, ఆగుడు, ఆలోచింపుడు, పిదప చర్య తీసికొనుడని బోధించిరి.

ఈ మోసగాని యాయుధములు రెండే: భయము, రహస్యము. అతడు మన యవివేకమునకంటె మన విధేయతనే పెట్టుబడిగా నుంచుకొన్నాడు. అధికారి గద్దించినచో మాఱు పలుకరాదనియు, పోలీసుస్టేషను గడప తొక్కుట వంశమునకే మచ్చ యనియు తరతరములుగా పిల్లలకు నూఱిపోసినవారము మనమే గదా! అందుచేతనే పరువుగలవారు ఎక్కువగా లొంగుదురు. 2024లో లూధియానాకు చెందిన వస్త్రపరిశ్రమాధిపతి యొకరు, ఎనుబది యేండ్లు దాటినవారు, ఈ విధముగా 7 కోట్ల రూపాయలు పోగొట్టుకొనిరి. వారికి విద్య తక్కువయా, లోకానుభవము తక్కువయా?

కావున జనులను బెదరించు ప్రచారము, మేలు కోరియే చేసినను, మోసగాడు పండించుకొను పొలమునకే నీరు పెట్టుచున్నది. బెదరుటకు అలవాటుపడిన మనస్సు ఎవరు బెదరించినను బెదరును. భగవద్గీత 16వ అధ్యాయమున దైవీసంపదను లెక్కించుచు మొట్టమొదట పేర్కొనిన గుణము అభయము. అభయము అజాగ్రత్త గాదు. ‘మీరు నిజముగా అధికారియైనచో వ్రాతమూలకముగా తెలుపుడు, నేను మా యింటివారితో ఆలోచించి వత్తును’ అని ఫోను పెట్టివేయగల నిబ్బరమే అభయము. భయపెట్టనిదే జనులు వినరని కొందఱందురు. ఫోను చేసిన ప్రతిసారియు మ్రోగు హెచ్చరికను కొన్ని నెలలు విన్న పిదప జనులు విసుగుతో ఎట్లు గగ్గోలుపెట్టిరో 2025లో చూచితిమి. విసుగు పుట్టిన చెవికి భయ మెక్కదు, బుద్ధియు నెక్కదు.

ఇక సిగ్గును గూర్చి. సొమ్ము పోయినవెంటనే 1930 సంఖ్యకు తెలిపినచో అది ఖాతానుండి ఖాతాకు పాఱిపోకముందే బ్యాంకులు నిలుపగలవు. గంటలు గడచినకొలది ఆశ సన్నగిల్లును. మోసపోయినవాడు నలుగురు నవ్వుదురని ఒక రాత్రి మౌనము వహించినచో ఆ రాత్రియే దొంగకు చాలును. అనగా మన పరిహాసమునకు రూపాయలలో వెల కలదు. లూధియానా పెద్దమనిషి దాచక పోలీసులకు చెప్పినందున సుమారు 5 కోట్ల 25 లక్షలు తిరిగి లభించినవి. తరువాత ఆయన తన కథను పత్రికలవారికి స్వయముగా చెప్పిరి. వేయి గోడపత్రికలకంటె అట్టి యొక్కరి మాట విలువైన ప్రచారమని నా నమ్మకము.

ఇండ్లలో పిల్లల సంగతియు నిట్టిదే. ఆటలో పరిచయమైన అపరిచితుడు ఛాయాచిత్రము కోరి, పిదప దానితోనే బెదరించినచో, పిల్ల తల్లితో ఏల చెప్పదు? దొంగకు వెఱచుటకంటె, తల్లి ఫోను లాగికొనునని ఎక్కువగా వెఱచును. ఈ మాట తలిదండ్రుల సభలలో చెప్పినపుడు కొందఱు నొచ్చుకొనుట కలదు. అయినను చెప్పక తీరదు. ‘ఏమి జరిగినను చెప్పుము, చెప్పినందుకు శిక్షింపము’ అని మాటయిచ్చి, దానిని ఒక్కసారి తప్పిన యింట ఏ ప్రచారమును పనిచేయదు.

మఱియొక సంగతి మన ప్రచారకులు సామాన్యముగా తలపెట్టరు. తెరవెనుక మాటలాడువాడెవడు? 2024లో ఉద్యోగములిత్తుమను మాట నమ్మి కంబోడియాకు వెడలిన విశాఖపట్టణ ప్రాంతపు యువకులు అచ్చట నిర్బంధమున చిక్కి, స్వదేశీయులనే మోసగించు పనికి బలవంతపెట్టబడిరని వెల్లడియైనది. పాసుపోర్టులు లాగికొనబడి, చెప్పిన పని చేయకున్న దెబ్బలు తినుచు, మన భాషలోనే మనలను బెదరించిన ఆ కుఱ్ఱవాడు దొంగయా, దొంగిలింపబడినవాడా? వృద్ధులకు ఓటీపీ చెప్పవద్దని బోధించు సభలలో, పట్టము పుచ్చుకొని పని దొరకక తిరుగుచున్న కుఱ్ఱవానికి ఏజెంటు మాట ఎట్లు పరీక్షింపవలెనో చెప్పువారు అరుదు. వానిని పంపిన ఏజెంటులు సముద్రముల కావలివారు గారు. మన వీధులలో బల్లలు కట్టుకొని కూర్చున్నవారే.