ఉంచుకొనుటకా, అమ్ముటకా?

ధ్యాన భాగము: లేవీయకాండము 14:33–45



మా తండ్రిగారు వాడిన పాత అంబాసిడర్ కారు ఒకటి నా యొద్ద నుండెను. 1957 మొదలు 2014 వరకు ఉత్తరపారాలో తయారైన ఆ కార్లు మన పల్నాడు దారులలో ఎందరిని మోసినవో మీరెరుగుదురు. ఒక వర్షకాలమున డ్రైవరు కాళ్ల క్రింది రబ్బరు మ్యాటు ఎత్తి చూడగా, తడికి రేకు తుప్పు పట్టి, నా బొటనవ్రేలు దానిగుండ దిగిపోయెను. మ్యాటు మాత్రము శుభ్రముగానే యుండెను.

నరసరావుపేటలో ఒక టింకరింగు షెడ్డుకు తీసికొనిపోతిని. మేస్త్రి సుత్తితో అడుగంతయు తట్టి చూచెను. మంచి రేకు ఖంగున మ్రోగెను; తుప్పు తిన్నచోట మ్రోత లేదు.

"అయ్యగారూ, బండి ఉంచుకోటానికా, అమ్మటానికా?" అని అడిగెను.

"అమ్మటానికే" అంటిని.

"అట్లయితే పైన ఒక రేకు పరిచి, పుట్టీ పెట్టి రంగు కొడతా. సగం ఖర్చు కూడా కాదు. మ్యాటు ఎత్తి ఎవరు చూస్తారు?"

"ఉంచుకుంటే?"

"అప్పుడు కొయ్యాల్సిందే."

రేపు చెప్పుదునని ఇంటికి వచ్చితిని. ఒప్పుకొనవలెను, సగము ఖర్చు మాట నాకు ఇంపుగా తోచెను. కొనువాడు అడుగనిది నేను చెప్పకపోవుట అబద్ధము కాదు గదా అని మనస్సు వాదించెను.

ఆ రాత్రి, కుష్ఠు పొడ కలిగిన యింటి సంగతి జ్ఞాపకము వచ్చెను. యాజకుడు మొదట ఇల్లు ఖాళీ చేయించును. పొడ వ్యాపించినయెడల ఆ రాళ్లను ఊడదీయించి ఊరి వెలుపల పారవేయించును. గోడలు గీయించి, వేరు రాళ్లు, వేరు అడుసు పెట్టించును. పొడమీదనే పూత పూయుమని అక్కడ లేదు. ఈ ఇల్లు అమ్మకమునకున్నదా అని యాజకుడు అడిగినట్టును లేదు.

అంబాసిడరుకు లారీకివలె వేరుగా పూర్తి చట్రము లేదు. అడుగు రేకు, ప్రక్క రేకులు, పైకప్పు అన్నియు కలిసియే దాని బలము. సీట్లు బిగించునది ఆ అడుగునకే. రేపు దానిని కొనువాడు భార్యాబిడ్డలను ఎక్కించుకొని మాచర్ల దారిన పోవును. వాడు నాకు తెలియనివాడైనంత మాత్రమున వాని ప్రాణమునకు వేరు కొలత పెట్టవచ్చునా? మత్తయి 7:12లో ప్రభువిచ్చిన కొలత ఒక్కటే.

మరునాడు కోయుమంటిని. సీట్లు, మ్యాట్లు, వైర్లు, పెట్రోలు గొట్టము తీసివేసిరి. బండి వంగకుండ తలుపుల సందులలో ఇనుప కడ్డీలు అడ్డముగా బిగించిరి. మెరయు రేకు తగులువరకు కోయగా, నేననుకొన్నదానికంటె జానెడు ఎక్కువ పోయెను. రంగు క్రింద తుప్పు కంటికి కనబడకుండ ప్రాకును. పైన రేకు పరచినయెడల రెంటి నడుమ నీరు నిలిచి, క్రొత్తదానిని కూడ తినివేయునని మేస్త్రియే చెప్పెను. క్రొత్త రేకు వేడికి వంకర పోకుండ అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్కగా అతికి, రెడాక్సైడు పూసెను.

కొనువానికి మ్యాటు ఎత్తి చూపి, జరిగినదంతయు చెప్పితిని. ఖర్చంతయు తిరిగి రాలేదు. ఆ నష్టము నాకు తెలిసినదే.

కోయించు స్తోమత అందరికి ఉండదు. లేనివాడు తుప్పు చూపించి తక్కువ ధరకు అమ్మవచ్చును. అందులో తప్పు లేదు. మ్యాటు పరచి మంచి ధర అడుగుటయే మోసము.

మనలో కార్లు గలవారు కొద్దిమందియే. కాని మిరపకాయలు అమ్మనివారెవరు? ఇంటికి ఉంచుకొనునవి ఒక విధముగాను, యార్డుకు పోవు టిక్కీ అడుగున పెట్టునవి మరియొక విధముగాను ఉన్నవా? మేస్త్రి నన్నడిగిన ప్రశ్న మీ కళ్లములో కూడ వినబడును. ఏమి చెప్పుదురో ఆలోచించుకొనుడి.