చాలు అనలేని అతిథి

దానాల్లోకెల్లా అన్నదానం గొప్పదనడానికి మనవాళ్లు చెప్పే కారణం ఒకటుంది. బంగారం ఇచ్చినా, భూమి ఇచ్చినా పుచ్చుకున్నవాడికి ఇంకా కావాలనే ఉంటుంది. కడుపు నిండినవాడు మాత్రం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అంటాడు. ఆ ఒక్క మాటతో దానం పూర్తవుతుంది. కొసరి కొసరి వడ్డించడం మనకు మర్యాద అయింది కూడా ఆ ధీమాతోనే: అవతలివాడు వద్దనగలడు కనుక ఎంతైనా పెట్టబోవచ్చు. మరి వద్దనడం తెలియని ప్రాణికి వడ్డిస్తున్నప్పుడు ఈ మర్యాద ధర్మమేనా? డాలస్ శివారు కాపెల్‌లో తెలుగు కుటుంబాలకు లోటు లేదు, పెరడున్న ఇళ్లకూ లోటు లేదు. అలాంటి ఇంట్లో ఓ లాబ్రడార్ కుక్కపిల్లో, జర్మన్ షెపర్డ్ పిల్లో పెరుగుతుంటే, గిన్నె నింపిన ప్రతిపూటా ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది. "చాలు" అనే మాటను అక్కడ పెట్టే చెయ్యే అనాలి, అనకపోతే ఆ పెట్టడం దానం కింద లెక్కకు రాదు అని నా వాదన.

చాలు అనలేదన్నది మాటవరసకు అన్నది కాదు. 2016లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లాబ్రడార్లలో పీఓఎంసీ అనే జన్యువు నుంచి చిన్న ముక్క ఊడిపోయి ఉండటాన్ని గుర్తించారు. తిన్నది సరిపోయిందని మెదడుకు కబురందించే ఏర్పాటులో ఆ జన్యువుకు ముఖ్యమైన పాత్ర ఉంది. సుమారు నాలుగింట ఒక లాబ్రడార్‌లో ఈ లోపం కనిపించింది. అవి తిండికి ఎక్కువ ఎగబడతాయి, ఎక్కువ ఒళ్లు చేస్తాయి. పెద్ద జాతి పిల్లల పేగుల సంగతీ ఇంతే. ఆరు నెలల లోపు పిల్ల శరీరం తిండిలో కాల్షియం ఎక్కువైనప్పుడు అక్కర్లేనిది వదిలేయలేదు, వచ్చినదాన్ని వచ్చినట్టు పీల్చుకుంటుంది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో 1980లలో గ్రేట్ డేన్ పిల్లల మీద చేసిన పరిశోధనల్లో అధిక కాల్షియం ఎముకల ఎదుగుదలను వక్రం చేసింది. ఎముక గట్టిపడాలని పాలు, కాల్షియం మాత్రలు అదనంగా పట్టించే ప్రేమ ఆ ఎముకనే పాడుచేస్తుందన్నమాట. నాలుకకూ "చాలు" లేదు, పేగుకూ లేదు.

మితం వల్ల మేలెంతో తేల్చిన లెక్క ఒకటుంది. ప్యూరినా సంస్థ పరిశోధకులు 48 లాబ్రడార్ పిల్లలను తీసుకుని, ఒకే ఈతలో పుట్టినవాటిని జంటలుగా విడదీశారు. ఎనిమిది వారాల వయసు నుంచి బతికినంత కాలం జంటలో ఒకదానికి దాని తోడబుట్టినదాని కంటే 25 శాతం తక్కువ పెట్టారు. 2002లో ఫలితాలు వచ్చాయి. ఎక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 11.2 ఏళ్లు, తక్కువ తిన్నవాటిది 13. కీళ్లవాతానికి దీర్ఘకాలం మందులు వాడాల్సిన స్థితి మొదటి గుంపులో సగానికి 10.3 ఏళ్లకే వస్తే, రెండో గుంపులో 13.3 ఏళ్లకు వచ్చింది. తక్కువ అంటే ఇక్కడ పస్తులు కాదు. ఆ కుక్కలు చక్కని ఒంటితో ఉన్నాయి, వాటి తోడబుట్టినవే బొద్దెక్కాయి. పరీక్షించింది ఒక్క జాతినే, చేయించింది తిండి అమ్మే కంపెనీయే అన్న అభ్యంతరం సహజం. కానీ తిండి అమ్మే కంపెనీ తక్కువ పెట్టమని తేల్చిందంటే, ఆ సాక్ష్యానికి నేను విలువ ఎక్కువే ఇస్తాను. పైగా 1974లోనే అమెరికాలోని కార్నెల్‌లో గ్రేట్ డేన్ పిల్లలకు కావలసినంత పెట్టి చూసినప్పుడు, మూడింట రెండు వంతులు తిన్న పిల్లల్లో కంటే వాటి ఎముకల్లో లోపాలు ఎక్కువగా, తీవ్రంగా కనబడ్డాయి. అర కిలో లోపు పుట్టి ఏడాదిన్నరలో ముప్ఫై నలభై కిలోలయ్యే ఒంటికి, ఎముక ముదరకముందే బరువెక్కడం కంటే పెద్ద శత్రువు లేదు.

ఇప్పుడు మన ప్రాచీన గ్రంథాల వైపు చూద్దాం. అన్నాన్ని నిందించవద్దని, ఎక్కువగా పండించమని, ఇంటికొచ్చినవాణ్ని కాదనవద్దని తైత్తిరీయోపనిషత్తు వ్రతాలుగా విధించింది. మన పెద్ద మనసుకు ఆధారం అదే. కానీ అన్నమనే మాటకు ఆ ఉపనిషత్తు చెప్పే అర్థం రెండంచుల కత్తి: ప్రాణులు దాన్ని తింటాయి, అదీ ప్రాణులను తింటుంది. గీత ఆరో అధ్యాయంలో అతిగా తినేవాడికీ అసలు తిననివాడికీ యోగం కుదరదంది. భాగవతంలో అవధూత తన ఇరవైనలుగురు గురువుల్లో చేపను కూడా చేర్చాడు, నాలుక రుచికి లొంగి గాలానికి చిక్కుతుంది కనుక. అయితే మితంగా తినమనే ఈ హితవులన్నీ తినేవాడికి చెప్పినవి. తినేవాడికి వివేకం ఉందన్న నమ్మకంతో చెప్పినవి. వివేకం ఒకరిదీ నోరు ఇంకొకరిదీ అయినప్పుడు మితాహార నియమం ఎవరికి వర్తిస్తుందన్నది అక్కడ విడిగా రాయలేదు. నేను చదివినంతలో జవాబు ఆచారంలో దొరుకుతుంది: భూతయజ్ఞంలో గృహస్థు కుక్కకూ కాకికీ విడిచేది ఓ ముద్ద. పళ్లెం కాదు. ఆ ముద్దను ఎవరూ పిసినారితనం అనలేదు.

ధర్మరాజును ముందుకు తెచ్చేవారుంటారు. కుక్కను వదిలి రమ్మంటే స్వర్గమే వద్దన్నవాడి కథ చదివినవాళ్లం, గుమ్మంలో తోకాడిస్తున్న పిల్లకు ఇంకో గుప్పెడు వెయ్యలేమా అని. కానీ మహాప్రస్థానంలో ఆయన ఆ కుక్కకు పెట్టిన భోజనమేదీ లేదు. ఇచ్చింది తోడు. నమ్మినదాన్ని విడిచిపెట్టకపోవడమే అక్కడి ధర్మం. దాన్ని తిండితో కొలవడం మనం చేర్చుకున్నది. నాకైతే ఆ చివరి కుక్క కంటే నన్నయ భారతం మొదట్లో వచ్చే సరమ కథ ఈ విషయానికి దగ్గరగా అనిపిస్తుంది. యజ్ఞశాల దగ్గర ఆడుకుంటున్న తన పిల్లను జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారని దేవతల కుక్క సరమ ఆ రాజును నిలదీస్తుంది. ఏది తగును, ఏది తగదు అని ఆలోచించకుండా దిక్కులేనివాళ్ల మీద చెయ్యి చేసుకుంటే ఫలితం అనుభవించక తప్పదని ఆమె హెచ్చరిక. కొట్టే చేతికి చెప్పిన ఆ మాట పెట్టే చేతికీ సరిపోతుంది.

ఊళ్లో కుక్కలు గంజీ అన్నం తిని నిక్షేపంగా బతకలేదా అన్నది ఇంకో ఆక్షేపణ. బతికాయి, నిజమే. వాటి ఒళ్లు చిన్నది, రోజంతా తిరుగుతాయి, పైగా వాటికి "చాలు" అని చెప్పే పని లేమి చేసింది. కాపెల్‌లో లేమి లేదు. ఎండాకాలం వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే మధ్యాహ్నం నడకా లేదు. పైగా పెరుగన్నం ఒక్కటే ముప్ఫై కిలోల ఒంటికి పునాది వెయ్యలేదు. మాంసం ముట్టని ఇల్లయినా, ఎదిగే పిల్లకు ఏ పోషకమెంత కావాలో కొలిచి చేసిన తిండే కొనాలి. అమెరికాలో ఆ సంచుల మీద, పెద్దయ్యాక 70 పౌండ్లు, అంటే సుమారు 32 కిలోలు దాటే కుక్కల ఎదుగుదలకు అది పనికొస్తుందో లేదో రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చదివితే చాలు.

అన్నిటికంటే గట్టి ఆక్షేపణ వేరే ఉంది: ఇంకో ప్రాణి ఆకలిని మన చేతిలో పెట్టుకోవడమే ఒక పెత్తనం కదా? ఆ 48 కుక్కలను జీవితాంతం తూచి తూచి పెంచిన పరిశోధనలోనూ ఈ ములుకు ఉంది, దాచను. కానీ పెత్తనం గిన్నె దగ్గర మొదలవలేదు. వేట పిట్టలను ఏరి తెచ్చేందుకని, కాపలాకని, చివరికి చూడముచ్చటకని ఈ జాతులను ఇంత పెద్ద ఒళ్లతో, ఇంత ఆశపోతు నాలుకలతో తయారుచేసింది మనిషే. చేసినవాడు ఇప్పుడు స్వేచ్ఛ పేరు చెప్పి గిన్నె నిండా పోస్తే అది బాధ్యత ఎగ్గొట్టడం. అప్పు తీర్చే దారి కొలతలోనే ఉంది.

ఆ కొలత కష్టమేమీ కాదు. పక్కటెముకల మీద అరచేతితో నిమిరితే అవి సులువుగా చేతికి తెలియాలి, పైనుంచి చూస్తే నడుము సన్నబడాలి. పశువైద్యుల తొమ్మిది మెట్ల కొలబద్దలో అది నాలుగో అయిదో మెట్టు. చిరుతిండి రోజు మొత్తం శక్తిలో పదో వంతు మించకూడదు. కాబట్టి అలాంటి సన్నని పిల్ల ఉన్న ఇంటికి భోజనానికి వెళ్తే "పాపం, పెట్టడం లేదా?" అని అడగకండి. మీ పళ్లెంలోంచి ఏదైనా అందించాలనిపిస్తే ముందు ఇంటివాళ్లతో చెప్పండి. ప్రసాదమే కదా అని చక్కెర పొంగలి మాత్రం వాళ్లు ఒప్పుకున్నా పెట్టకండి; అందులో కిస్‌మిస్ ఉంటుంది, అది కుక్కల మూత్రపిండాలకు విషం.